బోరు నీళ్లతో మొక్కల అక్వేరియం: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా హాల్లో టీవీ పక్కనున్న ట్యాంకు పొడవు 36 అంగుళాలు, వెడల్పు 15, ఎత్తు 18. లెక్క ప్రకారం 159 లీటర్లు పట్టాలి. అడుగున మట్టి, ఇసుక, మధ్యలో కర్ర, పైన వదిలిన ఖాళీ పోను ఉండే నీళ్లు 125 లీటర్లకు మించవు. 2021 ఆగస్టులో హైదరాబాద్ నిజాంపేటలోని మా ఫ్లాట్‌లో పెట్టాను. ఏది పనికొచ్చింది, ఏది దండగైంది, ఏ చేపలు నిలిచాయి అన్నది రాస్తున్నాను. ఇది ముఖ్యంగా బోరు నీళ్ల వాళ్ల కోసం. రోజూ మున్సిపల్ నీళ్లు వచ్చే అదృష్టవంతులు సగం వదిలేసి చదువుకోవచ్చు.

మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత, 850 చుట్టూ ఉంటుంది. బకెట్లకి తెల్ల పొర, గీజర్ కాయిల్ రిపేర్లు, జుట్టు రాలుతోందని ఇంట్లో గొడవ, అన్నీ మామూలే. అసోసియేషన్ వాళ్లు సాఫ్ట్‌నర్ ప్లాంటు పెట్టించారు కదా, ఇంకేం, కుళాయి నీళ్లు చేపలకి సరిపోతాయి అనుకున్నాను. మీటర్ పెట్టి చూస్తే టీడీఎస్ దాదాపు అంతే. సాఫ్ట్‌నర్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లాగేసి వాటి చోట సోడియం వదులుతుంది. సబ్బు నురగ బాగా వస్తుంది కానీ, నీళ్లలో కరిగి ఉన్న లవణాలు తగ్గవు. మొక్కకి కావాల్సింది పోతుంది, అక్కర్లేనిది వచ్చి చేరుతుంది. ఈ సంగతి బుర్రకెక్కడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అప్పటిదాకా కొత్త ఆకులు వంకర తిరిగి వస్తుంటే ఎరువు తక్కువైందేమోనని సీసాలు కొంటూ పోయాను. ఇప్పుడు కింద మోటారు దగ్గర, సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయిలో పట్టుకుంటాను. దానికి అంతే కొలత వంటింటి ఆర్వో నీళ్లు కలిపితే 450 దగ్గర ఆగుతుంది. వారానికి 30 లీటర్లు మారుస్తాను. నాలుగో అంతస్తుకి 15 లీటర్ల బకెట్ లిఫ్టులో తెచ్చుకోవడం ఒక్కటే ఇబ్బంది. ట్యాంకర్ నీళ్లో మున్సిపల్ నీళ్లో కలిసిన వారం మాత్రం క్లోరిన్ కోసం సోడియం థయోసల్ఫేట్ వేస్తాను.

అడుగున వేయడానికి విదేశీ ఆక్వాసాయిల్ (అక్వేరియం మొక్కల కోసం తయారుచేసిన మట్టి) బస్తాలు మూడు కావాలన్నారు. ఆ ఖర్చు గాజు ట్యాంకు కంటే ఎక్కువ. మానేసి నర్సరీ నుంచి ఎర్రమట్టి తెచ్చి జల్లించాను. అందులో వర్మీకంపోస్టు సగానికి సగం కలిపాను, అక్కడ దెబ్బతిన్నాను. పైన రెండు అంగుళాల ముతక ఇసుక పరిచినా నీళ్లు టీ రంగుకి తిరిగాయి, చేపలకి విషమైన అమ్మోనియా 4 పీపీఎం (లీటరుకి 4 మిల్లీగ్రాములు) దాకా పోయింది. ఇసుకలో పుల్ల గుచ్చితే కుళ్లిన గుడ్డు వాసనతో బుడగలు. మళ్లీ చేస్తే తొమ్మిది పాళ్ల మట్టికి ఒక పాలు కంపోస్టు, అంతే. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: నాలుగో నెలకి సర్దుకున్నాక ఆ మట్టే మూడేళ్లు మొక్కల్ని పోషించింది. ఈ ఏడాదే అమెజాన్ స్వోర్డ్ మొక్క వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చడం మొదలుపెట్టాను.

అందం కోసం ముందు వైపు షాపులో ఇచ్చిన తెల్ల గులకరాళ్లు పేర్చాను. పీహెచ్ 8 దాటి కిందికి దిగనంది. ఒక రాయి మీద వెనిగర్ పోస్తే బుసబుసా పొంగింది. పాలరాయి ముక్కలు! అసలే గట్టి నీళ్లు, పైగా సున్నం కరిగే రాళ్లు. అన్నీ ఏరి బాల్కనీ కుండీల్లో వేశాను, అక్కడ బాగానే ఉన్నాయి.

ఇక ఆ అమ్మోనియా గురించి. చేపల వ్యర్థాల నుంచీ, కుళ్లే మట్టి నుంచీ అమ్మోనియా పుడుతుంది, ట్యాంకు పెట్టిన కొత్తలో దాన్ని తినే బ్యాక్టీరియా ఉండదు. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాకు షాపతను చెప్పింది వేరు. "రెండు రోజులు నీళ్లు తిప్పి వేసెయ్ అన్నా, ఏం కాదు." వేశాను. 20 నియాన్ టెట్రాలు, వారంలో 14 పోయాయి. రోజూ పొద్దున్నే జాలీతో తీయడం, మా పాప చూడకముందే బయట పడేయడం. మిగిలినవీ రెండు నెలలు దాటలేదు. అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ల చేప అది, మా బోరు నీళ్లలో దానికేం సుఖం?

అప్పుడు కొన్నదే ఏపీఐ అనే కంపెనీ వాళ్ల మంచినీటి అక్వేరియం టెస్ట్ కిట్. ఈ నాలుగేళ్లలో పెట్టిన డబ్బుల్లో ఇది బెస్ట్. స్ట్రిప్స్ కంటే చుక్కల మందు నమ్మకం. ఒక జాగ్రత్త: నైట్రేట్ రెండో సీసా అరనిమిషం గట్టిగా ఊపకపోతే అంకె తప్పుగా, తక్కువగా చూపిస్తుంది. నేను ఏడాది పాటు నా ట్యాంకులో నైట్రేటే లేదని మురిసిపోయాను.

మొక్కల్లో ఖరీదైనవన్నీ పోయాయి. ఎర్రగా ఉంటుందని తెచ్చిన రొటాలా మాక్రాండ్రా మన దక్షిణాదిలోనే పుట్టినదైనా నా దగ్గర మూడు వారాలే ఉంది. నేలంతా పచ్చగా పరుచుకుంటుందన్న క్యూబా మొక్క ముక్కలుముక్కలై ఫిల్టర్‌లో తేలింది. కార్బన్ డయాక్సైడ్ కోసం సీసాలో పంచదార, ఈస్ట్ పెట్టి గొట్టం వేశాను. ఒక రాత్రి అది పొంగి ట్యాంకులోకి దిగింది, తెల్లారేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి. దాంతో ఆ సరదా తీరిపోయింది. నిలిచినవి చవకవే. వాలిస్నేరియా అయితే గట్టి నీళ్లలోని బైకార్బనేట్ నుంచే కార్బన్ తీసుకోగలదు, అందుకే మా ఇంట్లో గడ్డిలా పెరుగుతోంది. క్రిప్టోకొరైన్ వెండ్టి నాటిన పది రోజులకి ఆకులన్నీ జావలా కరిగిపోయాయి. పీకి పడేయబోయి బద్ధకించాను. ఆ బద్ధకమే మేలు చేసింది, నెల తిరిగేసరికి వేళ్ల నుంచి కొత్త చిగుళ్లు వచ్చాయి. చోటు మారితే అది అలా చేయడం మామూలేనట. అనూబియాస్, జావా ఫెర్న్ కర్రకి దారంతో కట్టాను. వాటి దుంప ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది.

లైటు మొదట పది గంటలు వేసేవాణ్ని, గాజు మీద పాచి గోకలేక చచ్చాను. 300 రూపాయల టైమర్ ప్లగ్ పెట్టి ఆరు గంటలకి తగ్గించాక వారానికోసారి తుడిస్తే చాలుతోంది.

ఆ పాచి రోజుల్లోనే "ట్యాంక్ క్లీనర్" అని సక్కర్ చేప ఒకటి అంటగట్టారు. మా మావయ్యకి ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. ఆసుపత్రి పనిమీద వచ్చి హాల్లో కూర్చున్నాడు, ట్యాంకు వైపు చూసి కాఫీ పక్కన పెట్టేశాడు. "ఒరేయ్ అల్లుడూ, ఈ దెయ్యం చేపని డబ్బులిచ్చి కొన్నావా!" చెరువుల్లో వలలు చింపి, మేత తినేసి, గట్లకి బొరియలు చేసే చేప అదేనట. అడుగు దాటి పెరుగుతుంది, మన నీళ్లది కాదు, దక్షిణ అమెరికాది. తూర్పు కనుమల నీటి వనరుల్లో ఇది ఎక్కడిదాకా పాకిందో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్‌ఏ జాడతో పరీక్షించారు కూడా. పెద్ద ట్యాంకున్న స్నేహితుడికి ఇచ్చేశాను. మీ దగ్గర ఉంటే మాత్రం చెరువులో వదలకండి.

మావయ్య చెప్పిన ఇంకో సంగతి నా ట్యాంకుని కాపాడింది. "తెల్లారుజామున లేచి చూడు. పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే డీవో లేనట్టే." చెరువుల వాళ్లు నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని డీవో అంటారు. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామే అన్నిటికంటే తక్కువ. దానికి మే నెల తోడైతే ఇక చెప్పక్కర్లేదు: 25 డిగ్రీల నీళ్లు లీటరుకి 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే, 32 డిగ్రీల దగ్గర 7.3 మాత్రమే. 2022 మేలో మా ట్యాంకు 33 దాటింది. ఐదింటికి లేచి చూస్తే చేపలన్నీ పైనే. ఐస్ ముక్కలు వేయడం అనే పిచ్చిపని కూడా చేశాను. గంట చల్లబడి మళ్లీ మామూలే, చేపకి ఆ ఎగుడుదిగుడు ఇంకా చెడ్డది. పరిష్కారం రెండు పాత కంప్యూటర్ ఫ్యాన్లు. నీటి మట్టం మీదుగా గాలి వీస్తే ఆవిరై మూడు డిగ్రీలు తగ్గుతుంది. రోజుకి రెండు, మూడు లీటర్లు ఆవిరవుతాయి. ఆ లోటు ఆర్వో నీళ్లతోనే నింపాలి. ఆవిరయ్యేది నీరే, లవణాలు కావు. బోరు నీళ్లతో నింపుకుంటూ పోతే జూన్‌కి టీడీఎస్ మళ్లీ మొదటికొస్తుంది.

కరెంటు పోతే జనరేటర్ మా ఫ్లాట్లలో ఒక లైటు, ఒక ఫ్యాను పాయింటుకే. ట్యాంకు బయట డబ్బాలా ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ నాలుగైదు గంటలు ఆగితే లోపల బ్యాక్టీరియా ఆక్సిజన్ లేక చస్తుంది. అందుకే మూడు వాట్ల ఎయిర్ పంపుకి స్పాంజ్ ఫిల్టర్ తగిలించి ఇన్వర్టర్ మీద ఉంచాను. ఖరీదైన క్యానిస్టర్ కంటే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. లైటు, ఫిల్టర్, పంపు అన్నీ కలిపి రోజుకి 0.8 యూనిట్లు, నెలకి 24. చలికాలం రాత్రుళ్లు 150 వాట్ల హీటరు అదనం.

ఇప్పుడున్న చేపలు: 9 చెర్రీ బార్బ్‌లు, 6 స్టెర్బై కోరీలు, 10 మగ గప్పీలు, రెండు హనీ గౌరామీలు. గప్పీలు మగవే ఎందుకంటే, మొదట జంటలుగా తెచ్చిన ఆరు ఏడాదిలో పిల్లలు పెట్టి లెక్క తప్పాయి. కోరీలకి మన వేడి పెద్ద ఇబ్బందిగా లేదు. చేపలు నా ఇష్టాన్ని బట్టి కాదు, నీళ్లని బట్టే కుదిరాయి. మన షాపుల్లోని చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచి రైలో బస్సో ఎక్కి వచ్చేవే, అలిసి ఉంటాయి. కొత్తవాటిని మూడు వారాలు వేరే టబ్బులో ఉంచుతాను. 2023లో ఆ పని చేయనందుకు తెల్లమచ్చల జబ్బు ట్యాంకంతా అంటుకుంది. మచ్చలు పోయాయని మందు ఆపేస్తే మళ్లీ వచ్చింది. చేప ఒంటి మీదున్న పురుగుకి మందు పట్టదు, రాలి నీళ్లలో ఈదేటప్పుడే చస్తుంది. రెండు వారాలు వేయాల్సిందే.

మొన్న ఆదివారం వాలిస్నేరియా కత్తిరిస్తే అర బకెట్ వచ్చింది. పై ఫ్లోర్ అబ్బాయి కొత్తగా రెండడుగుల ట్యాంకు పెట్టాడట, "అంకుల్, మొక్కలుంటే ఇస్తారా" అని వచ్చాడు. బకెట్ చేతికిచ్చి, నీళ్లు ఏ కుళాయి నుంచి పట్టావని అడిగాను. బాత్రూం కుళాయట. చెప్పులేసుకుని, మోటారు దగ్గరి కుళాయి చూపిద్దామని కిందికి తీసుకెళ్లాను.