మాయాలో కన్‌స్ట్రెయింట్ మాక్రోలు, నాలుగేళ్లు వాడాక

మాయా అంటే 3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్, అందులో మాక్రో (ఒక్క నొక్కుతో పనుల వరస మొత్తం చేసేసేది) అని పేరు పెట్టి రికార్డ్ బటన్ ఏదో ఉంటుందని వెతక్కండి. మనం చేసే పనులు స్క్రిప్ట్ ఎడిటర్ హిస్టరీలో కమాండ్లుగా పడుతుంటాయి, కావాల్సిన లైన్లు సెలెక్ట్ చేసి మౌస్ మధ్య బటన్‌తో షెల్ఫ్ (పైన ఉండే బటన్ల వరస) మీదకి లాగేస్తే అదే మన మాక్రో. కత్తి ఓ చేతిలోంచి ఇంకో చేతికి మారే షాట్లు వరసగా పడ్డప్పుడు నేను మొదలుపెట్టింది ఇలాగే, పేరెంట్ కన్‌స్ట్రెయింట్ (ఒక వస్తువు ఇంకోదాన్ని అంటిపెట్టుకుని కదిలేలా చేసే కట్టు) ఆప్షన్లు తెరవడం, మెయింటైన్ ఆఫ్‌సెట్ (రెండిటి మధ్య దూరం, కోణం ఉన్నవి ఉన్నట్టు ఉంచేది) చూసుకోవడం, రెండో చేతికి మళ్ళీ అదే... ఒక్క బటన్‌తో వదిలిపోయింది, పండగే అనుకున్నా.

తర్వాతి షాట్‌లో నొక్కితే ఎర్రర్. లాగిన లైన్లలో పాత సీన్ కంట్రోల్ (బొమ్మని కదిలించే హ్యాండిల్) పేర్లు అలాగే ఉన్నాయి మరి, రిగ్ (కదిలించడానికి సిద్ధం చేసిన బొమ్మ) కొత్త నేమ్‌స్పేస్‌తో, అంటే పేర్ల ముందు కొత్త తోకతో, వస్తే ఆ పేర్లు ఎక్కడ దొరుకుతాయి? తప్పు నాదే. అప్పట్నుంచి మాక్రోలో పేర్లు ఉంచను, సెలెక్షన్ తీసుకుంటా, ముందు చెయ్యి చివర్లో కత్తి, మాయా అడిగే వరసే అది.

పైథాన్‌లో పెద్దగా రాస్తే అండూ చంక్ (చేసిన పనులన్నీ ఒకే అండూగా కట్టే మూట) తెరిచి, మధ్యలో ఎర్రర్ వచ్చినా మూసుకునేలా ఫైనల్లీలో పెట్టండి, లేదంటే కంట్రోల్ జెడ్ కొడితే ఏది వెనక్కి పోతుందో మీకే అర్థం కాదు. ఇంటర్‌ప్ టైప్‌ని (తిరుగుడు ఎలా లెక్కకట్టాలో చెప్పే సెట్టింగ్) కూడా మాక్రోలోనే షార్టెస్ట్ చేసేశా, రెండు టార్గెట్లు (ఇక్కడ రెండు చేతులు) ఉన్నప్పుడు యావరేజ్‌లో ఉంటే కత్తి ఉన్నట్టుండి గిర్రున తిరుగుతుంది.

షెల్ఫ్‌ని గోడౌన్ అనుకోకండి. మాయా మామూలుగా మూస్తే సేవ్ అవుతుంది, క్రాష్ అయితే ఆ రోజు చేసిన బటన్లు గోవిందా, నాకు రెండుసార్లు అయింది. ఇప్పుడు అసలు కోడంతా స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఒకే ఫైల్, బటన్లో దాన్ని పిలిచే రెండు లైన్లే. 2022 వెర్షన్‌లో పైథాన్ 3 డీఫాల్ట్ అయినప్పుడు నా పాత ప్రింట్ లైన్లు అన్నీ పడిపోయాయి, ఒక్క ఫైలే కాబట్టి అరగంటలో సర్దుకున్నా.

వెయిట్ కీలు (ఏ ఫ్రేమ్‌లో కత్తి ఏ చేతిని అనుసరించాలో చెప్పే విలువలు) మాత్రం మాక్రోకి అప్పగించలేదు. ఆఫ్‌సెట్ లెక్క కన్‌స్ట్రెయింట్ పెట్టిన ఫ్రేమ్‌లోని పోజ్‌తోనే జరుగుతుంది, అందుకే రెండో చెయ్యి పిడిని పట్టుకున్న ఫ్రేమ్‌కి వెళ్ళి అప్పుడే బటన్ నొక్కుతా, కీలు నేనే పెట్టి స్టెప్డ్ (మెల్లగా జారకుండా ఒక్కసారే మారేలా) చేస్తా, మర్చిపోతే కత్తి ఒక చేతి నుంచి ఇంకో చేతికి గాల్లో ఈదుకుంటూ పోతుంది.