సెలైన్: గబగబా ఎక్కించాలా, నిదానంగానా?

జ్వరంతో సోలిపోయిన పిల్లాడు. కాళ్లు చల్లబడ్డాయి. గోరు నొక్కి వదిలితే మళ్లీ ఎరుపెక్కడానికి మూడు సెకన్లు పడుతోంది. ఇప్పుడు డాక్టరు ముందున్నవి రెండు దారులు: కిలో బరువుకు 20 నుంచి 40 మి.లీ. ద్రవం ఒక గంటలో ఎక్కించడం, లేదా గంటకు కిలోకు మూడు నాలుగు మి.లీ. చొప్పున నిదానంగా పోనివ్వడం.

పుస్తకాలు మొదటిదే చెప్పేవి. మన దగ్గరా "రెండు సీసాలు ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు" అనే నమ్మకం ఉండనే ఉంది. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద జరిగిన ఫీస్ట్ అధ్యయనం 2011లో దాన్ని తలకిందులు చేసింది. వేగంగా సెలైన్ ఎక్కించినవాళ్లలో 48 గంటల్లో 10.5 శాతం చనిపోయారు, నిదానంగా ఇచ్చినవాళ్లలో 7.3 శాతం. సెలైన్ బదులు అంతే వేగంగా ఎక్కించిన ఖరీదైన ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్‌తో చేసిన ద్రవం) కూడా ఆదుకోలేదు: 10.6 శాతం. విచిత్రమేమిటంటే, వేగంగా ఎక్కించిన పిల్లలు మొదటి గంటలో తేరుకున్నట్టే కనిపించారు. ఆ తర్వాతే గుండె, రక్తప్రసరణ కుప్పకూలాయి. ఆ వార్డుల్లో వెంటిలేటర్లు లేవు.

పెద్దవాళ్ల సంగతీ అంతే. జాంబియాలో సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితితో, బీపీ పడిపోయిన 212 మందితో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఎక్కువ ద్రవం, బీపీ పెంచే మందులు కలిపి ఇచ్చిన పద్ధతిలో 48 శాతం, మామూలు వైద్యంలో 33 శాతం ఆసుపత్రిలోనే పోయారు.

అందుకే వెంటిలేటర్లు లేని అలాంటి వార్డులో నా ఓటు నిదానానికే. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయిన పిల్లల్ని మాత్రం ఇందులో కలపకండి. వాళ్లను ఫీస్ట్‌లో చేర్చుకోనేలేదు, వాళ్లకు ద్రవమే ప్రాణం.