దద్దుల్ని చూడాలా, పరుపుని చూడాలా? నల్లి కాటు తేల్చుకునే దారి

పోయిన దసరా సెలవులకి మా పాప నెల్లూరు హాస్టల్ నుంచి కావలి దగ్గర మా ఊరికి వచ్చింది. మెడ చుట్టూ, రెండు చేతుల మీదా ఎర్రగా దద్దులు తేలి ఉన్నాయి. మా అత్త చూసి, "వేడి చేసిందమ్మాయ్, సబ్జా గింజలు నానబెట్టియ్యి" అంది. మందుల షాపులో గజ్జి అని ఒక ట్యూబు చేతిలో పెట్టారు. నేనేమో హాస్టల్లో దోమలనుకున్నాను. ఉన్నవి అవే దద్దులు, మాటలు మూడు. నాలుగో రోజు పొద్దున, పాప హాస్టల్ నుంచి తెచ్చుకున్న బొంత కుట్టు విప్పి చూస్తే నల్లి కనపడింది. ముగ్గురి మాటా తప్పే.

ఆ నాలుగు రోజుల్లో మేం చేసిన పొరపాటు ఒకటే. అందరం చేతినే చూశాం, పడుకున్న చోటు ఎవరం చూడలేదు.

ఒంటిని చూసి గుర్తుపట్టే లెక్కలు లేకపోలేదు. దోమ కుట్టిన కొద్ది నిమిషాలకే ఉబ్బుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. కుక్కలకీ పిల్లులకీ పట్టే ఎగిరే పేలు ఎక్కువగా చీలమండల చుట్టూ, మోకాళ్ల కింద కుడతాయి. నల్లి, దుప్పటి కప్పని చోట్లు వెతుక్కుంటుంది: ముఖం, మెడ, చేతులు. మూడు నాలుగు దద్దులు పక్కపక్కనే గుంపుగానో వరుసగానో వస్తాయి, నిద్ర లేచేసరికి కనిపిస్తాయి. వరి చేల దగ్గరి ఇళ్లల్లో రాత్రి లైటు చుట్టూ చేరే నారింజ, నలుపు రంగుల సన్న పురుగు ఇంకొకటి ఉంది. అది కుట్టదు. ఒంటి మీద నలిగితే మరునాటికి గీత గీసినట్టు ఎర్రబడి మండుతుంది. దురద కంటే మంట ఎక్కువైతే అనుమానం దాని మీదే.

ఈ లెక్కలు వినడానికి బాగుంటాయి గానీ, నల్లి దగ్గర తప్పుతాయి. అది కుట్టేటప్పుడు చర్మాన్ని మొద్దుబార్చే లాలాజలం వదులుతుంది కాబట్టి నొప్పి తెలియదు. దద్దు కొందరికి గంటల్లో తేలుతుంది, కొందరికి రెండు వారాలు పడుతుంది, కొందరికి అసలు తేలనే తేలదు. మా పాప గదిలో నలుగురు పిల్లలుంటే ఇద్దరికే దద్దులు. మిగతా ఇద్దర్నీ చూసి హాస్టల్లో వాళ్లు "నల్లులుంటే అందర్నీ కుట్టాలి కదా" అన్నారట. అది పొరపాటు. మూడు దద్దులు వరుసగా ఉంటే నల్లేనన్న మాటనీ పూర్తిగా నమ్మకూడదు, వేరే పురుగులు కుట్టినా అలా రావచ్చు. దద్దుల్ని మాత్రమే చూసి డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేరు.

అందుకే నా ఓటు పరుపుకి. తెల్లవారుజామున లేచి టార్చి వేసి చూడండి. పరుపు కుట్టు అంచులు, దిండు మూలలు, హాస్టల్ ఇనప మంచమైతే గొట్టాల చివర్లు, చెక్క మంచమైతే పట్టె కోడులోకి దిగిన సందు. తర్వాత గోడ బీటలు, స్విచ్ బోర్డు వెనక, పెట్టె మూలలు. పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు, చదునుగా, గోధుమ రంగులో ఉంటుంది. పిల్లది ఆవగింజంత, రక్తం తాగకముందు పాలిపోయి ఉండి బట్ట మీద కనిపించదు. పురుగు దొరక్కపోయినా జాడ దొరుకుతుంది: పెన్ను సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు. తడిగుడ్డతో తుడిస్తే అవి ముదురు ఎరుపుగా పాకుతాయి. వదిలేసిన పొట్టు, దుప్పటి మీద నలిగిన రక్తపు చుక్క కూడా సాక్ష్యాలే.

అయితే పరుపు చెప్పలేనిది ఒకటుంది, గజ్జి. నల్లికీ గజ్జికీ వచ్చే తికమక అన్నిటికంటే ఖరీదైనది. రెండూ రాత్రిపూటే ఎక్కువ బాధపెడతాయి, రెండూ ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి మొదలవుతాయి. ఒంగోలులో మా తమ్ముడి ఇంట్లో మాకు జరిగినదానికి తిరగబడి జరిగింది. నల్లులనుకుని పరుపు బయట పారేశారు, మంచం మీద మందు కొట్టారు, నెల గడిచినా దురద పోలేదు. చివరికి చర్మ డాక్టరు పిల్లల వేళ్ల సందులు చూసి గజ్జి అన్నారు.

గజ్జి పురుగు చర్మం లోపలే కాపురముంటుంది. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, నడుము, మర్మాంగాల దగ్గర, అంటే బట్టల కిందే ఎక్కువ. ముఖం, మెడ పెద్దవాళ్లకి సాధారణంగా వదిలేస్తుంది, చంటిపిల్లలకి మాత్రం తలకీ వస్తుంది. మొదటిసారి సోకితే దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అందుకే ఎక్కడ అంటిందో ఎవరికీ గుర్తుండదు. దీనికి 5 శాతం పెర్మెత్రిన్ పూత మందు రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి, 8 నుంచి 14 గంటల తర్వాత కడగాలి. వారం తర్వాత మళ్లీ రాయాలి. దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి. చంటిపిల్లలకీ గర్భిణులకీ డాక్టరు చెప్పాకే. షాపులో చేతికొచ్చిన స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే ఎరుపు తగ్గినట్టుంటుంది గానీ లోపల గజ్జి పెరుగుతూనే ఉంటుంది.

నల్లే అని తేలాక ఇంకో భయం ఉంది నాకు. పొలాలున్న ఇళ్లల్లో మిరపకి, పొగాకుకి, వరికి కొట్టే మందు చేతికందేంత దూరంలో ఉంటుంది. దాన్ని పడక మీద కొట్టకండి, మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నా. ధాన్యంలో పెట్టే బిళ్లలు గదిలో అసలే వద్దు. వాటి నుంచి వచ్చే వాయువు పక్క గదిలో నిద్రపోయేవాళ్లని కూడా చంపగలదు. నల్లి జబ్బులు అంటిస్తుందని ఇప్పటిదాకా రుజువు లేదు. దాన్ని చంపబోయి పిల్లల్ని పోగొట్టుకోవద్దు.

ఒక సందర్భంలో మాత్రం పరుపు వెతుకుతూ కూర్చోకూడదు. జ్వరంతోపాటు చంకలోనో గజ్జల్లోనో నొప్పి లేని నల్లటి పొక్కు, సిగరెట్టుతో కాల్చినట్టు కనపడితే అది నల్లి పని కాదు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. మన రాష్ట్రంలో ఆ కేసులున్నాయి. త్వరగా వెళితే మందు ఉంది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది.

మా పాప బొంతనీ బట్టల్నీ మరిగే నీళ్లలో వేశాం. ఎండలో ఆరేస్తే చాలనుకునేదాన్ని, కానీ నల్లులు నీడవైపు పాకిపోతాయి. గుడ్లు పొదగడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి పదో రోజున పెట్టె మూలలన్నీ మళ్లీ వెతికాం. పాపని తిరిగి దించేటప్పుడు వార్డెన్‌తో మాట్లాడి, నేనే టార్చి పట్టుకుని ఆ గదిలో నాలుగు మంచాలూ చూశాను. కిటికీ పక్క మంచం గొట్టంలో ఉన్నాయి. ఆ మంచం మీద పడుకునే పిల్లకి ఒంటి మీద ఒక్క దద్దూ లేదు.