చిట్టెలుకా, కుందేలా? ఎండోటాక్సిన్ షాక్ మందుల పరీక్షకు ఏది మేలు?

భీమవరం, కాకినాడ వైపు ఫార్మసీ విద్యార్థులు ప్రాజెక్టు అనగానే చిట్టెలుకల వైపే చూస్తారు. ఖర్చు తక్కువ, చోటూ తక్కువే. కానీ ఒంట్లో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందును పరీక్షించాలంటే నా ఓటు కుందేలుకే.

ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా పైపొరలో ఉండే విషం ఎండోటాక్సిన్. అది రక్తంలో ఎక్కువైతే రక్తపోటు పడిపోతుంది, ఒంట్లో రక్తం లోలోపలే గడ్డకడుతుంది; అదే ఎండోటాక్సిన్ షాక్. మనిషికి కిలో బరువుకు 4 నానోగ్రాములు ఎక్కితే చాలు, చలిజ్వరం పట్టుకుంటుంది. చిట్టెలుక చావాలంటే మోతాదు కిలోకు మిల్లీగ్రాముల్లోకి వెళ్లాలి. అంత మొండి ప్రాణిని కాపాడిన మందు మనిషినీ కాపాడుతుందని ఎలా నమ్మడం? కుందేలు ఈ విషయంలో మనకు చాలా దగ్గర. ఇంజెక్షన్ మందులు జ్వరం తెప్పిస్తాయేమోనని దశాబ్దాల పాటు దాని మీదే చూశారు.

పైగా 25 గ్రాముల చిట్టెలుక ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి 2 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టించే కణాలు, ప్రోటీన్) గంటగంటకూ చూడాలంటే ప్రతిసారీ కొత్త చిట్టెలుక కావాలి. కుందేలు చెవిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచున రక్తనాళం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక చెవికి ఎండోటాక్సిన్ ఎక్కించి, రెండో చెవి నుంచి కొద్దికొద్దిగా రక్తం తీయొచ్చు. 24 గంటల తేడాతో రెండు మోతాదులు ఇస్తే కిడ్నీలోని సన్నని రక్తనాళాల్లో ఫైబ్రిన్ (ఫైబ్రినోజెన్ నుంచి తయారయ్యే పీచు) గడ్డలు పేరుకుంటాయి. మందు వాటిని ఆపిందో లేదో స్లైడులో తెలిసిపోతుంది.

జన్యువుల సంగతి తేల్చాలంటే మాత్రం చిట్టెలుకే మేలు. ఎండోటాక్సిన్‌ను ఒళ్లు ఏ జన్యువుతో పసిగడుతుందో 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం చూపింది చిట్టెలుకల్లోనే. ఆయనకు 2011లో నోబెల్ వచ్చింది.

జంతువు కన్నా ముఖ్యం, మందు ఎప్పుడు ఇస్తున్నామన్నది. కోనసీమలో ఈనిన గేదెకు ఈ.కోలై పొదుగువాపు వస్తే పాలు నీళ్లలా దిగుతాయి, చెవులు చల్లబడతాయి, చూస్తుండగానే గేదె కూలబడిపోతుంది. పశువుల డాక్టరుకు రైతు ఫోన్ చేసేది అప్పుడే కదా! ఆసుపత్రికి వచ్చే మనుషుల పరిస్థితీ అంతే. 1987లో బబూన్ కోతులకు బ్యాక్టీరియా ఎక్కించడానికి 2 గంటల ముందే, ఒంట్లో వాపును రేపే ప్రోటీన్‌ను అడ్డుకునే టీఎన్‌ఎఫ్ యాంటీబాడీ ఇస్తే బతికాయి. రోగుల దగ్గర ఆ వైద్యం నిలబడలేదు.

అందుకే ఏ జంతువును తీసుకున్నా మందు ఎండోటాక్సిన్ తర్వాతే ఇవ్వండి. ఇంకో గుంపుకు, గడ్డకట్టకుండా ఆపే పాత మందు హెపారిన్ ఇచ్చి పోల్చండి. గడ్డలు తగ్గడంతో పాటు రక్తస్రావం పెరిగిందేమో కూడా కొలవండి. తీవ్రమైన సెప్సిస్‌కు (ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే జబ్బుకు) 2001లో అమెరికాలో అనుమతి పొందిన డ్రోట్రెకోజిన్ ఆల్ఫాతో రక్తస్రావం ముప్పు ఉండేది. తర్వాతి పరీక్షలో అది ప్రాణాలు కాపాడుతున్నట్టు తేలకపోవడంతో 2011లో మార్కెట్ నుంచి తీసేశారు.