మోడల్ ఓడకి ఏ దారం కట్టాలి? ఉప్పుగాలిలో కొన్నేళ్ల వాడకం తర్వాత

మోడల్ ఓడల రిగ్గింగ్ (తెరచాప స్తంభాలకీ చాపలకీ కట్టే తాళ్లు) గురించి చెప్పేవాళ్లు చాలావరకు తాళ్లు కట్టడం పూర్తయిన రోజు తీసిన ఫొటోలు చూపిస్తారు. ఆ రోజు ఏ దారమైనా బాగానే ఉంటుంది. దాని అసలు గుణం రెండు మూడు వానాకాలాలు గడిచాక బయటపడుతుంది. మా ఫ్లాట్ విశాఖలో బీచ్ రోడ్డుకి దగ్గర. కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే ఉక్కపోత. అలాంటి ఇంట్లో కొన్నేళ్లుగా ఉన్న నా కట్టీ సార్క్ మోడల్ మీద ఏ దారం ఎలా నిలబడిందో, ఏ జిగురు ఏం చేసిందో చెబుతాను.

ఓడ గురించి రెండు మాటలు. కట్టీ సార్క్ 1869లో స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో జలప్రవేశం చేసిన టీ క్లిప్పర్, అంటే తేయాకు మోసే వేగమైన తెరచాప ఓడ. చైనా నుంచి తేయాకు, ఆ తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసింది. ఇప్పుడు లండన్‌లోని గ్రీనిచ్‌లో డ్రై డాక్‌లో ఉంది. 2007లో మంటలు అంటుకున్నప్పుడు మరమ్మతుల కోసం మాస్ట్‌లు (తెరచాప స్తంభాలు) ముందే దించేసి ఉండటంతో అవి బతికిపోయాయి. దాని రిగ్గింగ్ తాళ్ల పొడవు మొత్తం 11 మైళ్లు. నాది 1/96 స్కేలు ప్లాస్టిక్ కిట్. 11 మైళ్లని 96తో భాగిస్తే సుమారు 184 మీటర్లు వస్తుంది. మోడల్‌లో చాలా తాళ్లు వదిలేస్తాం కాబట్టి నిజానికి అంత పట్టదు. అయినా దారం విషయంలో కక్కుర్తి పనికిరాదని ఆ లెక్క చూస్తేనే తెలుస్తుంది.

ముందు మాస్ట్‌కి, నడిమి మాస్ట్‌కి పాలిస్టర్ దారం కట్టాను. వెనక ఉండే మిజెన్‌కి మాత్రం కిట్‌తో వచ్చిన నూలు దారమే కట్టాను, పక్కపక్కన పెట్టి చూద్దామని. ఒకే ఓడ, ఒకే గది, ఒకే గాజు పెట్టె. తేడా దారంలోనే.

నూలు దారం మొదట్లో మనసు దోచేస్తుంది. మెత్తగా ఉంటుంది, ముడి చెప్పినట్టు వింటుంది, మెరుపు ఉండదు, చూస్తే అచ్చం జనపతాడులా ఉంటుంది. వానలు మొదలయ్యాక దాని నిజరూపం చూపిస్తుంది. నూలు తేమ పీల్చుకుని లావెక్కుతుంది. పేనిన దారం లావెక్కితే పొడవు తగ్గుతుంది. ఆషాఢం, శ్రావణంలో మిజెన్ తాళ్లన్నీ బిగుసుకుని యార్డ్‌ల (మాస్ట్‌కి అడ్డంగా ఉండే చాప కర్రలు) కొసల్ని కిందికి వంచేస్తాయి. ప్లాస్టిక్ యార్డ్ కదా, ఆ లాగుడుకి తట్టుకోదు. పుష్యమాసం చలిగాలికి అవే తాళ్లు వదులై వేలాడతాయి. ఇలా ఏటా బిగుస్తూ, వదులవుతూ ఉండటంతో కొన్ని శాశ్వతంగా సాగిపోయాయి. దీనికి తోడు నూగు. దారం మీది సన్నటి పోగులు దుమ్ముని పట్టుకుని వదలవు. పెట్టె అడుగున ఒకచోట తాడుచుట్ట మీద బూజు మచ్చలు కూడా వచ్చాయి.

పాలిస్టర్ వైపు ఇవేమీ జరగలేదు. అది తేమని దాదాపు పీల్చుకోదు. జూలైలో ఎంత బిగువుగా ఉందో జనవరిలోనూ అంతే. నేను వాడినదాంట్లో కొంత గూటర్‌మన్ అనే కంపెనీ మారా రకం దారం. అది మా బంధువులు జర్మనీ నుంచి తెచ్చారు, మిగతాది ఇక్కడే టైలరింగ్ సామాన్ల షాపులో దొరికిన మామూలు పాలిస్టర్ దారం. ఇక్కడి దారానికి నూగు కొంచెం ఎక్కువ. బిగువు నిలబడటంలో మాత్రం తేడా ఏమీ కనిపించలేదు.

దారం మందం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోడల్ అందం సగం అక్కడే పాడవుతుంది. పాత ఓడల లెక్కల్లో తాడు కొలత అంటే చుట్టుకొలత, వ్యాసం కాదు. 10 అంగుళాల తాడు అని ఉంటే దాని వ్యాసం సుమారు 81 మిల్లీమీటర్లు. 1/96లో అది 0.84 మిల్లీమీటర్లు అవుతుంది. అదే 10 అంగుళాల్ని వ్యాసం అనుకుంటే 2.6 మిల్లీమీటర్ల మోకు కట్టాల్సి వస్తుంది! ఒకటిన్నర అంగుళాల సన్న తాడైతే 0.13 దగ్గర ఆగుతుంది. రీలు మీద రాసిన నంబరు చూసి దారం మందం చెప్పలేం. పెన్సిల్ మీద దారాన్ని పక్కపక్కనే ఆనించి చుట్టండి, 10 మిల్లీమీటర్ల వెడల్పులో ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెట్టండి. 20 పడితే 0.5, 50 పడితే 0.2. దారాన్ని గట్టిగా లాగుతూ చుట్టకూడదు, సన్నబడి లెక్క తప్పుతుంది.

పాలిస్టర్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటిది మెరుపు. ట్యూబ్‌లైటు కింద నల్లదారం జడరిబ్బనులా మెరుస్తుంది. నల్లరంగుకి బదులు ముదురు కాఫీపొడి రంగు తీసుకుంటే ఆ బాధ సగం తగ్గుతుంది, పైగా చిన్న స్కేలులో తారు పూసిన తాడులా సహజంగా కనిపిస్తుంది. రెండోది జారుడు. నూలుకి ఒక ముడి సరిపోయే చోట దీనికి ఇంకో చుట్టు కావాలి. మూడోది, లావు తాళ్లకి కుట్టుదారం నప్పదు, పురి కనిపించదు. 0.5 దాటిన తాళ్లన్నీ నేను సన్నదారం మూడు పోగులతో పేనుకుంటున్నాను. ఒక చివర మేకు, ఇంకో చివర నెమ్మదిగా తిరిగే డ్రిల్లు, అంతే సరంజామా. పేనిన వెంటనే వదిలేస్తే మాత్రం పాలిస్టర్ మొత్తం విప్పుకుంటుంది. రెండు మేకుల మధ్య లాగి కట్టి రాత్రంతా ఉంచితే కుదురుకుంటుంది.

నైలాన్ దారం ఎవరైనా చవకగా ఇస్తామన్నా వద్దనండి. అది సాగుతుంది, తేమకి ఇంకా సాగుతుంది.

తేనెమైనం మీద నా అభిప్రాయం కాలంతో మారింది. మొదట్లో ప్రతి దారానికీ రాసేవాణ్ని. నూగు అణుగుతుంది, ముడి జారదు, అది నిజమే. కానీ ఎక్కువైతే ముడి దగ్గర మైనం తెల్లగా పేరుకుంటుంది, దుమ్ము అంటుకుంటుంది. ఇప్పుడు దారాన్ని మైనం ముక్క మీదుగా ఒక్కసారి లాగి, వెంటనే రెండు వేళ్ల మధ్య గట్టిగా పట్టి దూస్తాను. వేళ్ల వేడికి అదనపు మైనం వచ్చేస్తుంది. రాట్‌లైన్లకి (మాస్ట్ ఎక్కే తాడుమెట్లు) అసలు రాయను.

జిగురు దగ్గర మాత్రం నా మాట ఖచ్చితం. ముడి మీద ఇన్‌స్టంట్ జిగురు వేయకండి. దారం నల్లబడి పుల్లలా గట్టిపడుతుంది. తేమ ఉన్న రోజున వేస్తే చుట్టూ తెల్లటి పొర కమ్ముతుంది. జిగురు గట్టిపడిన చోట దారం మడతపడితే పుటుక్కున తెగుతుంది. పెద్ద ఇబ్బంది ఏమిటంటే, తర్వాత సరిచేసుకునే దారి ఉండదు. అసిటోన్‌కి అది కరుగుతుంది కానీ కింద ఉన్న ప్లాస్టిక్కూ కరుగుతుంది. నేను ఫెవికాల్‌ని నీళ్లతో పల్చగా కలిపి, సన్న కుంచెతో ముడి మీద ఒక చుక్క పెడతాను. ఎండితే కనిపించదు. గట్టి వానల్లో అది కూడా కాస్త మెత్తబడుతుంది. అందుకే భారం ముడి మీద ఉండాలి, జిగురు మీద కాదు. సరిగ్గా పడిన క్లోవ్ హిచ్ (రెండు చుట్ల ముడి) జిగురు లేకుండానే నిలబడుతుంది.

ఇన్‌స్టంట్ జిగురుకి ఒక్క మంచి పని ఉంది. దారం కొసని అందులో ముంచి ఆరాక బ్లేడుతో ఏటవాలుగా కోస్తే అదే సూది అవుతుంది. బ్లాక్‌ల (ఓడ కప్పీలు) చిన్న చిన్న రంధ్రాల్లోంచి దూర్చాక ఆ కొస కత్తిరించి పారేయొచ్చు.

ఇక రాట్‌లైన్లు. మాస్ట్ ఎక్కడానికి ష్రౌడ్ తాళ్ల (మాస్ట్‌ని రెండుపక్కలా పట్టి ఉంచేవి) మీద నిచ్చెన మెట్లలా అడ్డంగా కట్టేవి. రిగ్గింగ్ అంటే జనానికి భయం పుట్టించేవి ఇవే. కిట్‌లో రెడీమేడ్‌గా వచ్చిన ప్లాస్టిక్ వలని నేను పక్కన పెట్టేశాను. బొమ్మ గేటులా ఉంటుంది. అసలు ఓడల్లో మెట్టుకీ మెట్టుకీ మధ్య 13 నుంచి 15 అంగుళాలు ఉంటుంది, అంటే ఈ స్కేలులో మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల లోపు. అట్టముక్క మీద ఆ దూరంతో గీతలు గీసి ష్రౌడ్ల వెనక నిలబెట్టుకుంటే కొలవాల్సిన పని ఉండదు. దీనికి వేసేది క్లోవ్ హిచ్, ఆ ముడి ఇలా పడుతుంది: దారాన్ని ష్రౌడ్ చుట్టూ ఒక చుట్టు తిప్పి, దాని మీదుగా ఏటవాలుగా దాటించి రెండో చుట్టు తిప్పి, కొసని ఆ ఏటవాలు దారం కిందనుంచి బయటికి తీయాలి. సరిగ్గా పడితే బయటివైపు ఒక ఏటవాలు గీత, దాని కిందనుంచి రెండుపక్కలకీ అడ్డంగా సాగే దారం కనిపిస్తాయి. బిగించే ముందు ట్వీజర్స్ కొసతో ముడిని గీత మీదికి జరపాలి. పాలిస్టర్ జారుడుగుణం ఇక్కడ మేలు చేస్తుంది, బిగిశాక కూడా ముడి వెంట్రుకవాసి పైకీ కిందికీ కదులుతుంది. నూలుదారంతో ఒకసారి బిగిస్తే అంతే సంగతులు.

కష్టం ముడి వేయడంలో లేదు, లాగడంలో ఉంది. ప్రతి ముడికీ ఇసుమంత ఎక్కువ లాగినా, పై వరసలకి వచ్చేసరికి పక్క ష్రౌడ్లు లోపలికి వంగిపోతాయి. కింద నుంచి వరసగా కట్టుకుంటూ పోకుండా, ముందు నాలుగైదు వరసలకి ఒకటి చొప్పున పైదాకా కట్టి, తర్వాత మధ్యవి నింపితే ఈ వంపు రాదు. ముందూ వెనకా ఉన్న చివరి ష్రౌడ్‌లకి సన్నటి ఇత్తడి కడ్డీ ఒకటి తాత్కాలికంగా కట్టినా సాయమే. ఒక కూర్చోవడంలో ఎక్కువ వరసలు కట్టొద్దు. కళ్లు అలిసిపోయాక వేసిన ముడులు మర్నాడు పొద్దున చూస్తే విడిగా తెలిసిపోతాయి.

మాస్ట్ లాగుడు గురించి కిట్‌తో వచ్చే కాగితంలో ఎక్కడా ఉండదు. ష్రౌడ్లని కుడివైపు ముందు జత, తర్వాత ఎడమవైపు ముందు జత, ఇలా మార్చి మార్చి కట్టాలి. ఒకవైపువన్నీ కట్టేసి రెండోవైపుకి వెళితే మాస్ట్ అటే ఒరిగిపోతుంది. ముందుకి లాగే స్టే బిగించగానే మాస్ట్ ముందుకి వంగి, వెనకకి లాగే బ్యాక్‌స్టేలు ఇంకా బిగుస్తాయి. అందుకని స్టేలకి మొదట జారుముడే వేసి, కొసకి బట్టల క్లిప్పు వేలాడదీసి, బ్యాక్‌స్టేలన్నీ పూర్తయ్యాకే అసలు ముడి వేస్తాను. వేలితో స్టేని తాకి చూడండి. మాస్ట్ కొస కదిలితే బిగువు ఎక్కువైనట్టే. దారం నిటారుగా కనిపిస్తే చాలు, వీణతీగలా మోగక్కర్లేదు. ప్లాస్టిక్ మాస్ట్ లోపల ఇత్తడి కడ్డీ దూర్చుకుంటే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. కిట్ మొదలుపెట్టకముందే ఆ పని చేసుకోవాలి.

డెడ్‌ఐలకి (ష్రౌడ్ల అడుగున తాడు బిగించే రంధ్రాల బిళ్లలు) పనిముట్టు ఏదీ కొనక్కర్లేదు. సన్న తీగని రెండు కొసలూ ఒకేవైపు వంచి, ఒకటి పై డెడ్‌ఐ రంధ్రంలో, ఇంకోటి కింది దాంట్లో గుచ్చితే అన్ని జతల మధ్యా దూరం ఒకేలా వస్తుంది. తాడుచుట్టల్ని ఓడ మీద కాకుండా విడిగా అట్ట మీద గుండుసూదులకి చుట్టి, ఫెవికాల్ నీళ్లు పూసి, కాస్త తడిగా ఉండగానే ఓడ మీద తాడు కట్టే పిన్నుకి తగిలించి తడి కుంచెతో కిందికి అదమాలి. లేదంటే బరువు లేని దారం గాలిలో నిలబడి నవ్వు తెప్పిస్తుంది.

పనిముట్ల కోసం విదేశాల నుంచి ఆర్డర్ పెట్టే ముందు మగ్గం వర్క్ సామాన్ల దుకాణానికి వెళ్లి చూడండి. సన్న సూదులు, చిన్న కత్తెర్లు, రకరకాల మందాల దారాలు అక్కడ దొరుకుతాయి. కొస వంపు ఉన్న ట్వీజర్స్ కంసాలి పనిముట్ల షాపులో తీసుకున్నాను, మోడల్ తయారీ సెట్లతో వచ్చే వాటికన్నా ఇవే నయం. కొసలు ఒకదానికొకటి సరిగ్గా ఆనుతున్నాయో లేదో అక్కడే దారం ముక్క పట్టి చూసుకుని తీసుకోండి. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఒక్కచోటే, మంచి లైటు ఉన్న భూతద్దం.

ఒకే రంగు దారం ఓడకి సరిపడా ఒకేసారి తీసుకోవడం మంచిది. ఆర్నెల్ల తర్వాత అదే నంబరు రీలు తెచ్చినా రంగులో తేడా వస్తుంది. నా నడిమి మాస్ట్ మీద బ్రేస్‌లు (యార్డ్‌ని పక్కకి తిప్పే తాళ్లు) రెండు కాస్త లేతగా ఉన్నాయి, తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

మిజెన్ తాళ్లు ఈ చలికాలంలో మార్చేయబోతున్నాను. చివర కట్టినవి ముందు విప్పుకుంటూ వస్తే దారి దొరుకుతుంది: ముందు బ్రేస్‌లు, తర్వాత లిఫ్ట్‌లు (యార్డ్‌ని పైనుంచి పట్టి ఉంచే తాళ్లు), ఆఖరున ష్రౌడ్లు. ఫెవికాల్ ముడులకి గోరువెచ్చని నీళ్లు కుంచెతో తడిపి కాసేపు ఆగితే మెత్తబడి సూదిమొనకి ఊడి వస్తున్నాయి. ఒకటి రెండు విప్పి చూశాను, కింద రంగు చెక్కుచెదరలేదు.