హైదరాబాద్ ఎండల్లో గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాకింగ్: నాలుగు నెలలు వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా. గేమ్‌లో సెకనుకి నాలుగు ఫ్రేములు (బొమ్మలు) ఎక్కువ వస్తాయని గ్రాఫిక్స్ కార్డును ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి నడిపిద్దామని అనుకుంటున్నవాళ్లు, అందులోనూ ఏసీ లేని గదిలో పీసీ పెట్టుకున్నవాళ్లు, ఆ పని పెట్టుకోకండి. ఓవర్‌క్లాక్ చేసే సాఫ్ట్‌వేర్‌తోనే అండర్‌వోల్ట్ చేసుకోండి, అంటే కార్డు చిప్‌కి వెళ్లే వోల్టేజి తగ్గించుకోండి. ఫిబ్రవరి నుంచి మే దాకా రెండూ చేసి చూశాను, ఒకసారి గట్టి దెబ్బ కూడా తగిలింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నాది ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ, రెండు ఫ్యాన్ల మోడల్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, మనమంతా సీటీసీ అంటాం, అక్కడ కొన్నాను. పగలు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, రాత్రి గంటో గంటన్నరో గేమ్ ఆడతాను. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, పై అంతస్తు, నెత్తిన స్లాబు తప్ప ఇంకేమీ లేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో మే నెల దగ్గరికొచ్చాక మీకే తెలుస్తుంది.

ఓవర్‌క్లాక్ చెయ్యమని మొదట పోరు పెట్టింది మా తమ్ముడు. "అన్నా, ఫ్రీగా వచ్చే స్పీడును వదులుకుంటున్నావ్" అని రోజూ అనేవాడు. వాడు చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది, ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ నిజంగానే ఉచితం, కార్డు ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. వాడటం కూడా సులువే. కోర్ క్లాక్‌కి (చిప్ వేగం) ఒక స్లైడర్, మెమరీ క్లాక్‌కి (కార్డులోని మెమరీ వేగం) ఇంకో స్లైడర్, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం, ప్రతిసారీ టెస్టు పెట్టి చూడటం. కోర్‌కి 150 మెగాహెర్ట్జ్ కలిపినప్పుడు స్క్రీన్ ఒక్కసారిగా నల్లబడి డ్రైవర్ మళ్లీ మొదలైంది, 120 దగ్గర నిలబడింది. మెమరీకి 700 కలిపాను. యూనిజిన్ సూపర్‌పొజిషన్ టెస్టు అరగంట తిరిగినా ఎక్కడా ఆగలేదు, అంతా బాగుందనుకున్నా.

ఇప్పుడు వచ్చిన లాభం చూడండి. సైబర్‌పంక్ 2077లో ఒకే చోట, ఒకే సెట్టింగులతో మామూలుగా 68 ఫ్రేములు వస్తుంటే ఓవర్‌క్లాక్ చేశాక 72 వచ్చాయి. ఆరు శాతం కూడా లేదు. నా మానిటర్ 75 హెర్ట్జ్‌ది, దాని మీద 68కీ 72కీ తేడా నా కంటికైతే తెలియలేదు, తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టి ఏది ఏదో చెప్పకుండా మార్చి మార్చి చూపిస్తే వాడూ పోల్చుకోలేకపోయాడు. అదే గేమ్‌లో డీఎల్‌ఎస్‌ఎస్ (బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెద్దది చేసి చూపించే సెట్టింగు) క్వాలిటీలో పెడితే 88 దాకా వెళ్లింది. నీడల సెట్టింగు అల్ట్రా నుంచి ఒక్క మెట్టు దించినా ఓవర్‌క్లాక్ ఇచ్చినదానికంటే ఎక్కువే వచ్చింది. రెండింటికీ కార్డు మీద పైసా భారం పడదు. ఇక ప్రాసెసర్ పాతదై అక్కడే ఆగిపోతున్న పీసీ అయితే గ్రాఫిక్స్ కార్డును ఎంత పరిగెత్తించినా ఫ్రేములు కదలవు, ఇది చాలామంది చూసుకోరు.

లాభం ఇంత తక్కువ ఎందుకో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు ఓవర్‌క్లాకింగ్‌కి నిజంగానే విలువుండేది. 2015లో వచ్చిన జీటీఎక్స్ 980 టీఐ కార్డు బూస్ట్ క్లాక్ (పని పడినప్పుడు చిప్ అందుకునే వేగం) 1,075 మెగాహెర్ట్జ్ అని కంపెనీ రాసిస్తే జనం దాన్ని 1,400 దాటించేవాళ్లు, అది కంటికి కనిపించే లాభం. ఇప్పుడు ఆ మిగులును కంపెనీ మనకు వదలడం లేదు. 2012లో జీటీఎక్స్ 680తో, ఈ కార్డుల చిప్ చేసే ఎన్‌విడియా కంపెనీ జీపీయూ బూస్ట్ అని ఒకటి తెచ్చింది, వేడి ఎంతుంది, కరెంటు ఎంత లాగుతోంది అని చూసుకుంటూ కార్డే తన వేగాన్ని తాను పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. తర్వాత తరాల్లో అది ఇంకా పదునెక్కింది. నా 3060 డబ్బా మీది లెక్క ప్రకారం బూస్ట్ 1,777 మెగాహెర్ట్జ్, కానీ నేనేమీ ముట్టుకోకుండానే గేమ్‌లో 1,890 దగ్గర తిరుగుతుంది. అంటే ఓవర్‌క్లాక్ మనం కొన్న రోజే అయిపోయింది. పైగా ఈ కార్డుకి 170 వాట్ల హద్దు ఉంది, నా మోడల్‌లో ఆ హద్దు స్లైడర్ 100 శాతం దాటి పైకి జరగదు. అందుకే 120 కలిపినా నిజంగా పెరిగింది 75 మాత్రమే.

ఇక దెబ్బ సంగతి.

మార్చిలో ఒక పెళ్లి వీడియో ఇవ్వాలి. రాత్రి పదకొండింటికి డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకున్నా, పొద్దున్నే పైపైన చూసి పెన్‌డ్రైవ్‌లో వేసి పంపించేశా. మధ్యాహ్నం అమ్మాయి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "బాబూ, తలంబ్రాల దగ్గర అమ్మాయి చీర మీద ఏవో చుక్కలు పడుతున్నాయి, ఒకసారి చూస్తావా" అన్నారు. కోపం లేదు ఆయన గొంతులో, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. తెరిచి ఒక్కో ఫ్రేమే జరిపి చూస్తే నిజమే. పట్టుచీర జరీ అంచు మీద, సరిగ్గా తలంబ్రాలు పోస్తున్న చోట, అగ్గిపుల్ల తలంత ఆకుపచ్చ గళ్లు, ఏడెనిమిది ఫ్రేముల పాటు కనిపించి పోతున్నాయి. ఇంకోచోట, అప్పగింతల దగ్గర, వాళ్లమ్మగారి ముఖం మీద ఒక గీత. గేమ్‌లో అయితే అలాంటివి పట్టించుకునేవాణ్ని కాదు, క్షణంలో పోతాయి. కానీ ఇది వాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత కూడా తీసి చూసుకునే వీడియో.

మెమరీ క్లాక్‌ని మామూలుకి తెచ్చి అదే ప్రాజెక్టు మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక్క చుక్క లేదు. మళ్లీ 700 పెట్టి చేస్తే ఈసారి వేరే చోట వచ్చాయి. ఇంతకంటే రుజువేం కావాలి. సూపర్‌పొజిషన్ అరగంట నిలబడిందని ధైర్యపడ్డాను కానీ, రెండు గంటల రెండర్ వేరు, అరగంట టెస్టు వేరు. మెమరీ హద్దు దాటితే ప్రతిసారీ కంప్యూటర్ ఆగిపోదు, ఆగిపోతే నయం, అప్పుడైనా తెలుస్తుంది, ఇలా చప్పుడు లేకుండా తప్పులు రాసిపెడితే కనిపెట్టడం చాలా కష్టం. ఆ ఎక్స్‌పోర్ట్‌లో ఓవర్‌క్లాక్ వల్ల మిగిలిన సమయం మూడు నిమిషాలు. డబ్బులు తీసుకుని పనిచేసేవాళ్లు, వీడియో కానీ, త్రీడీ కానీ, ఇంకేదైనా కానీ, మెమరీ ఓవర్‌క్లాక్ జోలికి అస్సలు పోవద్దు.

ఏప్రిల్ వచ్చేసరికి ఇంకో సమస్య. ఫిబ్రవరిలో ఓవర్‌క్లాక్‌తో కార్డు 77 డిగ్రీల దగ్గర ఉండేది. మే మొదటి వారంలో బయట 40 దాటింది, స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంటే గదిలో 36, కార్డు 83కి చేరింది. అక్కడికి రాగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకోవడం మొదలుపెట్టింది, చూస్తుండగానే 1,965 నుంచి 1,905కి దిగింది. అంటే ఇంత తంటాలు పడి నేను సంపాదించింది 15 మెగాహెర్ట్జ్! ఫ్యాన్ల మోతకి పక్క గదిలోంచి అమ్మ లేచి వచ్చి "ఏంట్రా ఆ చప్పుడు, ఆపెయ్ కాసేపు" అంది. కార్డు లాగే కరెంటంతా చివరికి వేడిగా మారి అదే గదిలోకి వస్తుంది, 170 వాట్లంటే మనం కూర్చున్న చోటే చిన్న హీటర్ పెట్టుకున్నట్టు, అందులో కూర్చుని పనిచెయ్యాల్సింది మళ్లీ మనమే.

ఇక్కడ దుమ్ము గురించి కూడా ఒక మాట. మాది మెయిన్ రోడ్డు పక్క ఇల్లు, రెండు నెలలకే కార్డు వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దూదిలా మెత్తటి బూడిదరంగు పొర పట్టేసింది. పీసీ ఆపి, ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, పెయింట్ బ్రష్‌తో దులిపితే నాలుగు డిగ్రీలు తగ్గింది.

అప్పుడు అండర్‌వోల్ట్ మొదలుపెట్టా. సూత్రం చాలా సింపుల్, చిప్ వాడే కరెంటు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వోల్టేజి కొంచెం తగ్గినా వాడకం బాగా తగ్గుతుంది. ప్రతి చిప్పూ నిలబడాలని కంపెనీ కాస్త ఎక్కువ వోల్టేజే ఇచ్చి పంపుతుంది, మన చేతికొచ్చిన చిప్‌కి చాలాసార్లు అంత అక్కర్లేదు. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కితే వోల్టేజి గ్రాఫ్ తెరుచుకుంటుంది. ముందు కోర్ క్లాక్ స్లైడర్‌ని సున్నా నుంచి మైనస్ 200 దాకా దించి, తర్వాత గ్రాఫ్‌లో 875 మిల్లీవోల్టుల దగ్గరి చుక్కను పట్టుకుని 1,830కి లేపి, టిక్ గుర్తు నొక్కితే దాని కుడివైపు గీతంతా చదునైపోతుంది. అంతే, కార్డు ఇక ఆ వోల్టేజి దాటదు. ఇవి నా కార్డు అంకెలు, మీది వేరుగా ఉంటుంది, క్రాష్ అయితే చుక్కను 15 మెగాహెర్ట్జ్ కిందికి దించి మళ్లీ చూసుకోండి. విండోస్‌తో పాటే ఆన్ అయ్యే ఆప్షన్ మాత్రం వారం రోజులు నిజమైన పని చేయించి చూశాకే పెట్టుకోండి.

ఫలితం చూసి నాకే ఆశ్చర్యమేసింది. అదే గేమ్, అదే చోట 67 ఫ్రేములు, అంటే పోయింది ఒక్కటి. వాడకం 170 నుంచి 132 వాట్లకి దిగింది. అదే మే నెలలో, అదే గదిలో, వేడి 73. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది. ఎక్స్‌పోర్ట్ సమయంలో తేడా నిమిషం లోపే, ఇప్పటికి పదకొండు పెళ్లిళ్లు ఈ సెట్టింగులోనే ఇచ్చాను, ఒక్క ఫోన్ రాలేదు.

కొత్తగా కొనేవాళ్లకి ఒక సంగతి. దుకాణంలో "ఓసీ ఎడిషన్ తీసుకో అన్నా, రెండున్నర వేలే ఎక్కువ" అంటారు. ఆ ఓసీ అంటే బూస్ట్ క్లాక్ ముప్పయ్యో అరవయ్యో ఎక్కువ, అంతే. ఆ డబ్బు పెట్టేదైతే పెద్ద హీట్‌సింక్, మంచి ఫ్యాన్లు ఉన్న మోడల్‌కి పెట్టండి. సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాళ్ల ముందే అరగంట నడిపించి వేడి చూడండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి.

ఓవర్‌క్లాక్ ఎవరికి పనికొస్తుందంటే, స్కోర్ల కోసం పోటీపడే సరదా ఉన్నవాళ్లకి, ఏసీ గదిలో మంచి కేబినెట్ ఉన్నవాళ్లకి, ఒక గేమ్ సరిగ్గా 57, 58 దగ్గర ఆగి 60కి రాక ఇబ్బంది పడుతున్నవాళ్లకి. వాళ్లయినా కోర్ వరకే పెంచుకుని మెమరీని వదిలేస్తే మంచిది.

ఓవర్‌క్లాకింగ్‌కి నేనిచ్చేది ఐదుకి ఒకటిన్నర. ఆఫ్టర్‌బర్నర్‌కి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే గ్రాఫ్ విండోలో చుక్కలు మరీ చిన్నవి, ఒకదాన్ని పట్టుకోబోతే పక్కది కదులుతుంది. మా తమ్ముడు మొన్న ఆదివారం తన కార్డు కూడా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, వాడిది 850 మిల్లీవోల్టుల దగ్గరే నిలబడుతోంది.