లాంబార్డుల దారిలో అయిదు రోజులు

మిలాన్‌లో గది తీసుకుని రోజుకో ఊరు చూసి రావాలన్నది మొదటి ప్లాన్. తర్వాత మార్చుకున్నాం. లాంబార్డులు అంటే బయటి నుంచి వచ్చి ఇటలీలో రాజ్యం కట్టిన ఒక జర్మానిక్ తెగ. వాళ్లు ఇటలీలోకి దిగిన దారినే, తూర్పు నుంచి పడమరకు వెళ్లాం. ఆ రాజ్యం ఎలా పెరిగిందో తెలియాలంటే ఇదే సరైన వరస.

568లో అల్బోయిన్ రాజు ఇప్పటి హంగరీ వైపు నుంచి తన జనాన్నంతా పిల్లాజెల్లాతో సహా తీసుకొచ్చాడు. ఈశాన్య ఇటలీలోని చివిదాలె ఊరిని బంధువు గిసుల్ఫ్‌కు అప్పగించి ముందుకు సాగాడు. అదే వాళ్ల మొదటి డచీ, అంటే డ్యూక్ ఏలే ప్రాంతం. ఉదినె నుంచి చిన్న రైల్లో ఇరవై నిమిషాల్లో చేరాం. పాత ఊళ్లో ఒక ఇంటి పై అంతస్తులో రెండు రాత్రులు ఉన్నాం. గది శుభ్రంగా ఉంది కానీ లిఫ్ట్ లేదు, మెట్లు బాగా ఇరుకు. పెద్దవాళ్లతో వెళ్లేవారు ముందే అడిగి తీసుకోండి. పొద్దున్నే దయ్యం వంతెన మీద నిలబడి కింద నతిజోనె నది పచ్చటి నీళ్లు చూస్తే ఆ మెట్ల అలసట గుర్తుండదు.

ఇక్కడి పురావస్తు మ్యూజియానికి సగం రోజు ఇవ్వండి. సమాధుల్లో దొరికిన కత్తులు, డాళ్లు, ఆడవాళ్ల పిన్నులు, కాగితమంత పల్చటి బంగారు శిలువలు అన్నీ ఉన్నాయి. ఆ శిలువలను చనిపోయినవారి ముఖం మీద కప్పే గుడ్డకు కుట్టేవారట. పరాయి నేల మీదికి ఆయుధాలతో వచ్చినవాళ్లు ఆ నేల మతంలో, అలవాట్లలో కలిసిపోవడం ఆ అద్దాల పెట్టెల్లోనే కనిపిస్తుంది. నది ఒడ్డున ఉన్న చిన్న గుడిలో గోడ మీద ఆరుగురు స్త్రీమూర్తులు వరసగా నిలబడి ఉంటారు. ఎనిమిదో శతాబ్దపు సున్నపు పని అది. మా ఆవిడ అక్కడి నుంచి కదలనంది. భోజనానికి ఫ్రీకో చెప్పండి. చీజ్, బంగాళాదుంపతో చేస్తారు, దిబ్బరొట్టెలా మందంగా ఉండి పైన కరకరలాడుతుంది.

బ్రెష్షాలో రోడ్డు వైపు గది ఇచ్చారు, రాత్రంతా బళ్ల మోత. కానీ చివరి రాజు దెసిదెరియో, రాణి అన్సా కట్టించిన మఠం ఇప్పుడు పెద్ద మ్యూజియం. మూడు గంటలు చాలలేదు. మోంజాలో ఇటలీ రాజులకు పెట్టిన పాత ఇనుప కిరీటం చూడాలంటే ముందే బుక్ చేసుకోవాలి. లాంబార్డు రాణి థియోడెలిండా కథ చెప్పే అక్కడి గోడచిత్రాలు మాత్రం పదిహేనో శతాబ్దానివి. టైమ్ తక్కువైతే ఈ ఊరు వదిలేయండి.

పావియాను వదలొద్దు. మూడేళ్లు ముట్టడించాక 572లో లొంగిన ఊరు, తర్వాత రాజధాని. అంతవరకూ నోటి మాటగా నడిచిన చట్టాలను 643లో రొథారి రాజు లాటిన్‌లో రాయించాడు. రాజ్యాన్ని బాగా విస్తరించిన లియుత్‌ప్రాండ్ అవశేషాలు సాన్ పియెత్రో చర్చిలో ఉన్నాయి. క్రైస్తవ సాధువు అగస్టీన్ అస్థికలను సార్డీనియా నుంచి తెప్పించినదీ ఆయనే. 774లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఈ ఊరు పట్టుకోవడంతో లాంబార్డు రాజుల పాలన ముగిసింది. మేం వెళ్లిన మధ్యాహ్నం చర్చి మూసి ఉంది, తలుపు తీసేదాకా బయట మెట్ల మీదే కూర్చున్నాం. మీరు పొద్దున్నే వెళ్లండి, మిలాన్ నుంచి రైల్లో అరగంటే.